మెట్ల మలుపు దగ్గర లవంగాలు

"ఊదవయ్యా! మా శివాజీ మొహం మీద ఊదు. గట్టిగా ఊదు!"

హాల్లో ఫ్యాను గిర్రున తిరుగుతున్నా యలమందయ్య చొక్కా వీపుకి అంటుకుపోయే ఉంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల గోరేబాళ క్యాంపు నుంచి శక్తినగర్ దాకా ఎండలో కారు తోలించుకొచ్చిన పెద్దమనిషి, కూతురు అందించిన మంచినీళ్ళ గ్లాసు ముట్టకుండా కిటికీలో పెట్టేసి, పంచె ఎగ్గట్టి, అల్లుడి కుర్చీకి ఎదురుగా నిలబడ్డాడు. పక్కనే కొడుకు శివాజీ. ముక్కు ముందుకి చాచి, కళ్ళు గట్టిగా మూసుకుని, సూదిమందుకి చెయ్యి చాపిన పిల్లాడిలా ఉన్నాడు.

ఈరేష్ కుర్చీలోంచి లేవలేదు. మామని చూశాడు. బామ్మర్ది ముక్కుని చూశాడు.

"ఊదుత మామా, దానికేముంది. గని పొద్దుగాల ఉల్లిగడ్డ కారం దట్టంగ తిన్న. పిల్లగాడు కళ్ళు తిరిగి పడితె నా మీద కేసు పెట్టొద్దు."

"విన్నావా అమ్మాయ్? ఇదీ ఈయన వరస!"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కుసుమకుమారి విననట్టే కొంగు బొడ్లో దోపుకుంది. విన్నది. ఇరవై ఏళ్ళుగా వింటూనే ఉంది. ఒకప్పుడు ఈ మాటలకే పడీపడీ నవ్వి, నాన్నని కాదనుకుని, ఈ గిల్లేసూగూరు మనిషి వెంట వచ్చేసింది. ఇప్పుడు అవే మాటలు చెవిలో ఇసక పోసినట్టున్నాయి.

ఈరేష్ ఊదాడు. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి ఆర్పినట్టు, ముద్దుగా, మూతి సున్నా చుట్టి మరీ ఊదాడు.

శివాజీ రెండడుగులు వెనక్కి వేసి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని తండ్రి చెవి దగ్గర చెప్పాడు. చెవి దగ్గర చెప్పిన మాట వీధిలోకి వినబడటం ఆ వంశంలో అందరికీ ఉన్న గొంతు మహిమ.

"లవంగం వాసన నాన్నా."

"లవంగం!" అన్నాడు యలమందయ్య, దొంగ దగ్గర దొంగసొత్తు దొరికించుకున్న పోలీసులా. "అమ్మాయి ఫోన్లో చెప్పింది నిజమేనన్నమాట. చొక్కా ఉతుకుదామని జేబులో చెయ్యి పెడితే లవంగాలు. ప్యాంటు జేబులో లవంగాలు. డ్యూటీ సంచీలో లవంగాలు. ఏం నాయనా, పలావు వండుతున్నావా పవర్ హౌసులో?"

ఈరేష్ నవ్వలేదు. తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు.

"నువ్వు చెప్పినవా?"

"చెప్పాను. నేను చెప్పకపోతే లివరు చెప్పదా?"

ఆ మాట అనేసి, నాన్న ముట్టని గ్లాసు కిటికీలోంచి తీసింది.

మొన్న రాయచూరులో స్కాన్ తీసిన లేడీ డాక్టరు "లివర్‌కి కొవ్వు పట్టిందండీ" అన్నదగ్గర్నుంచీ కుసుమ మొగుడితో మాట్లాడింది లేదు. కంచం పెట్టడం, కంచం ఎత్తడం. ఆ పెట్టడంలో ఒక చప్పుడు, ఎత్తడంలో ఒక చప్పుడు. లివర్ అన్న మాట చెవిన పడగానే ఆమె కుర్చీలోంచి లేచి బయట వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత డాక్టరు ఏం చెప్పిందో ఆమెకి అక్కర్లేదు. లివరు చెడేది తాగేవాళ్ళకి. వాళ్ళ బాబాయికి చెడింది. పొట్ట ఉబ్బి, కళ్ళు పసుపుకొమ్ములై, క్యాంపులో సారా కొట్టు అరుగు మీదే పోయాడు. ఆ శవాన్ని మోసుకొచ్చినవాడు యలమందయ్య.

అందుకే, పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఆయన ఈ గడప తొక్కినప్పుడు ఒకే ఒక్క మాట మీద రాజీపడ్డాడు. "నీ కులం సంగతి వదిలేశాను, నీ యాస సంగతి వదిలేశాను. నీ నోట్లో చుక్క పడిందని తెలిసిన రోజు మాత్రం నా కూతురు నా ఇంటికొచ్చేస్తుంది." ఈరేష్ ఆ రోజు మామ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఆ ఒక్కసారి మాత్రం తమాషా ఆడలేదు.

"గ్యాస్ మామా గది," అన్నాడు ఇప్పుడు, గొంతు తగ్గించి. "ఛాతిల పట్టేసినట్లయితది. ఒక లవంగం కొరుకుత. త్రేన్పొస్తది. ఖతం."

"ఎప్పుడు పట్టేస్తుంది?"

"ఎప్పుడంటె... సాయంత్రం పూట. ఇంటికొచ్చేటప్పుడు."

"ఆహా! సరిగ్గా తాగి వచ్చే టైముకే గ్యాసు కూడా వస్తుందా! ఎంత బుద్ధిమంతురాలయ్యా నీ గ్యాసు!"

మూల నిలబడి ఫోను గుప్పిట్లో నలుపుకుంటున్న సాహితి ముందుకి వచ్చింది. డిగ్రీ చదివే పిల్ల. ఆ రోజు స్కాన్ గదిలో తండ్రి పక్కన చివరిదాకా కూర్చున్నది ఈ పిల్ల ఒక్కతే.

"తాతయ్యా, డాక్టరు ఇంకో మాట కూడా చెప్పింది. లివర్‌తోపాటు..."

"పెద్దవాళ్ళ మధ్యకి నువ్వు రాకు," అన్నాడు యలమందయ్య.

"అది కాదు తాతయ్యా, తాగకపోయినా..."

"సాహితీ!" అంది కుసుమ. ఆ పిల్ల నోరు మూతపడింది. నిన్నట్నుంచీ మూడోసారి.

అప్పుడే తలుపు దగ్గర చిన్న గిన్నె ఒకటి కనబడింది. దాని వెనకాల రంగవ్వ కనబడింది. కింది ఇంటావిడ. పెరుగు తోడు అడగడానికి వచ్చింది. ఆవిడ ఇంట్లో పాలు ఎప్పుడూ, ఎవరింట్లోనైనా గొంతులు లేచిన సమయానికే కాగుతాయి.

"నేను సుమ్మనే వచ్చిన కుసుమక్కా. తోడు కోసం. మీ నాయన ఒచ్చిండని తెల్వదు," అంటూ లోపలికి వచ్చి, మనుషులందరినీ చక్కగా చూసుకుని, గోడకి ఆనుకుంది. వెళ్ళే ఉద్దేశం ఆ ఆనుకోవడంలో ఎక్కడా లేదు.

యలమందయ్య ఆమెనే పట్టుకున్నాడు. "ఏమ్మా, కింద ఉంటారు మీరు. రోజూ చూసేవాళ్ళు. మా అల్లుడు ఇంటికి ఎలా వస్తాడు?"

"నేను చాడీలు చెప్పేదాన్ని గాదు యజమానీ."

"చాడీ కాదు. చూసింది చెప్పు."

రంగవ్వ గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "చూసింది అంటె... దినాం డ్యూటీ దిగినంక ఒస్తడు. రెండో మలుపు కాడ మెట్ల మీద కూలబడతడు. తల కిందికేసి, కటాంజనం పట్టుకోని. మొకం నిండ చెమట. నేను 'ఏమాయె ఈరేషన్నా' అంటె 'లిఫ్టు కోసం చూస్తున్న రంగవ్వా' అంటడు. ఈ బిల్డింగుల లిఫ్టు యాడిదక్కా? నిశా ఎక్కితెనే గద గట్ల మాట్లాడేది!"

"విన్నావా?" అన్నాడు యలమందయ్య కూతురితో.

కుసుమ విన్నది. ఈ సంగతి ఆమెకి కొత్త. రోజూ సాయంత్రం మొగుడు ఆలస్యంగా తలుపు కొట్టడం తెలుసు. చెమటతో రావడం తెలుసు. వచ్చి మాట్లాడకుండా మంచం మీద వాలిపోవడం తెలుసు. నోట్లో లవంగం వాసన తెలుసు. మెట్ల మీద కూలబడి ఉంటాడని, దాన్ని వీధి వీధంతా చూస్తోందని మాత్రం ఇప్పుడే తెలిసింది. ఆమెకి మొగుడి మీద వచ్చిన కోపంలో సగం ఆ చూసే కళ్ళ మీదే.

"లిఫ్టు కోసం అన్నారా?" అంది. "మెట్ల మీద కూర్చుని? పదిమంది చూస్తుంటే?"

"కాళ్ళు నొప్పి లేస్తె కూసున్న."

"ఇందాక గ్యాసన్నావు," అన్నాడు శివాజీ, లాయరులా.

"కాళ్ళకు గూడ గ్యాస్ ఒస్తది బామ్మర్దీ. నీకు తలకు రాలే?"

శివాజీ మొహం ఎర్రబడింది. యలమందయ్య చెయ్యెత్తి కొడుకుని ఆపాడు. ఆయన దగ్గర ఇంకో తూటా ఉంది.

"అది సరే. మా ఆవిడకి ఫోన్లో ఏమన్నావు? 'మీ బియ్యం నా లివర్ల గోదాము పెట్టినయి అత్తా, ఈసారి పంపొద్దు' అనలేదూ?"

"తమాషకన్న మామా. డాక్టరమ్మ తెల్లన్నం తగ్గియ్యమన్నది. చక్కెర బంద్ జెయ్యమన్నది. జొన్న రొట్టె తినుమన్నది. మా అవ్వ నన్ను జొన్న రొట్టెతోనే పెంచింది. మీ ఇంటి అల్లుణ్ణయినంక గద అన్నం రుచి మరిగింది."

"అంటే మా అన్నం తిని రోగం తెచ్చుకున్నావు."

"నేను గట్లన్ననా?"

"అన్నావు! నా దాళ్వా బియ్యం తిని నీకు రోగం వచ్చింది! ఒళ్ళు హూనం చేసుకుని పండించిన బియ్యం, పాలిష్ పట్టించి, రాయి ఏరించి, ఏటా మొదటి బస్తా నా కూతురింటికే పంపే బియ్యం! మేం రాకముందు ఈ నేల మీద ఏం పండేదయ్యా?"

"జొన్న పండేది మామా."

శివాజీ నేల చూపులు చూశాడు. రంగవ్వ కూడా గిన్నె వైపు చూసుకుంది. అది తమాషా మాట కాదని అందరికీ తెలిసింది. ఈరేష్‌కే అందరికన్నా ఆలస్యంగా తెలిసింది.

యలమందయ్య గొంతు చల్లబడింది. ఆయన అరిచినప్పుడు ఎవరూ భయపడరు. చల్లబడ్డప్పుడు భయపడతారు.

"సంచీ సర్దుకో అమ్మాయ్."

కుసుమ పడగ్గదిలోకి వెళ్ళింది. బీరువా మీది సంచీ దింపి, మంచం మీద పెట్టి, చీరలు ఒక్కొక్కటే పడేసింది. మడత పెట్టలేదు. వెనకాలే ఈరేష్ వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"నిజంగ పోతవా?"

ఆమె ఇంకో చీర సంచీలో పడేసింది.

"నీలం చీర పెట్టుకోకు. గది నేను కొన్నది."

ఆమె నీలం చీర తీసి అతని మీదికి విసిరింది. అతను పట్టుకుని మంచం చివర కూర్చున్నాడు.

"ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిజం చెప్పండి," అంది కుసుమ. "తాగితే తాగానని చెప్పండి. నేను నాన్నకి ఏదో ఒకటి చెప్పుకుంటాను. అబద్ధం ఆడి నన్ను వెర్రిదాన్ని చెయ్యొద్దు."

"నీ మీద ఒట్టు. చుక్క ముట్టలేదు."

"మీ ఒట్టు! కాలవ గట్టు మీద పాము కరిచిందన్నప్పుడు కూడా ఒట్టు పెట్టారు."

ఈరేష్ తల వంచుకున్నాడు. ఆ కథ క్యాంపులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాట్లప్పుడు, పొలం మధ్యలో, అల్లుడు కాలు పట్టుకుని కుప్పకూలాడు. పాము, పాము అన్నాడు. యలమందయ్య చెప్పులు కూడా లేకుండా బురదలో పరిగెత్తి, "నా కూతురు బతుకేం కాను దేవుడా" అని నలుగురి ముందు భోరుమని ఏడుస్తూ, ఆ శరీరాన్ని భుజాన వేసుకుని గట్టు వెంట మోసుకొచ్చాడు. సగం దూరం వచ్చాక అల్లుడు ఒక కన్ను తెరిచి, "మామా, రోడ్డు దాంక మోయరాదూ, ఎట్లాగు సగం ఒచ్చినం" అన్నాడు. నాట్లేసే ఆడవాళ్ళు నారు కట్టలు వదిలేసి నవ్వారు. ఆ రోజునుంచి యలమందయ్య రచ్చబండ దగ్గర కూర్చోవడం మానేశాడు.

"మా నాన్న ఏడవడం మీకు తమాషా. నేను ఏడవడం తమాషా. డాక్టరు దగ్గర కూడా తమాషాయే. ఆ పిల్ల చెప్తోంది, డాక్టరు అడిగినదానికి కూడా ఏదో జోకేశారట."

"బాయిలర్ ట్యూబుల లెక్క అన్నది డాక్టరమ్మ. లోపల పొర కడతదట. పైకి నున్నగ, తళతళ మెరుస్తదట, లోపల తోవ సన్నమైతదట. నేనన్న, 'మా బాయిలర్‌కైతె యాసిడ్ పోసి కడుగుతరు మేడం, నాకెవరు కడుగుతరు' అని."

"లివర్‌కి ట్యూబులేంటి? మీ పిచ్చి మాటలు!"

"లివర్‌వి గాదు..." అని ఆగాడు.

కిటికీ బయట పవర్ హౌసు పొగగొట్టం తెల్లగా, నిమ్మళంగా పొగ వదులుతోంది. ఈరేష్ దానివైపు చూస్తూ అరచేత్తో ఛాతీ మధ్యలో ఒకసారి రుద్దుకున్నాడు. చొక్కా ముడత సరిచేసుకుంటున్నాడనుకుంది కుసుమ.

"కుసుమా," అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే ఆ ఆటపట్టించే తీపి లేదు. "మెట్లు ఎక్కుతుంటె నాకు..."

"అమ్మాయ్! ఎంతసేపు?" అని హాల్లోంచి కేక.

కుసుమ అతని వైపు తిరిగి నిలబడింది. "ఆఁ. మెట్లు ఎక్కుతుంటే?"

అతను ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఇప్పుడు నిజానికి చోటు లేదనుకున్నాడో, నిజం చెప్పడం అలవాటు తప్పి మాట దొరకలేదో.

"మెట్లు ఎక్కుతుంటె నాకు నువ్వే గుర్తొస్తవు. ఇంకో అంతస్తు పైన ఇల్లిచ్చింటె ఇంకొంచెం గుర్తొస్తుంటివి."

కుసుమ సంచీ జిప్పు ఒక్క గుంజు గుంజింది.

"పొండి. పోయి నాన్నతో చెప్పండి నేను వస్తున్నానని."

"పోవాల్ననుకుంటె పో. నేనేం కాళ్ళు పట్టుకోను."

"పట్టుకోమని ఎవరడిగారు?"

ఇద్దరూ గది తలుపు వైపు నడిచారు. ఆమె సంచీ పిడి పట్టుకుని, అతను నీలం చీర పట్టుకుని.

హాల్లోకి వచ్చేసరికి యలమందయ్య గుమ్మం బయట పిట్టగోడ మీంచి కిందికి వంగి, కారు డిక్కీ వైపు చూస్తున్నాడు. డిక్కీలో బియ్యం బస్తా. దాళ్వా కోతలయ్యాక మొదటి బస్తా అల్లుడే భుజాన వేసుకుని మెట్లెక్కి గడప దాటించాలి. కూతురు గుమ్మంలో చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడాలి. ఆ ఇంట్లో అది యలమందయ్య పెట్టిన ఆచారం. ఏటేటా ఈరేష్ ఆ బస్తాని ఈలేసుకుంటూ ఎత్తుకొచ్చేవాడు. దారిలో పిల్లలకి కన్నుకొట్టేవాడు.

"ఆఖరి మాట," అన్నాడు యలమందయ్య. "నేను అన్యాయంగా కూతుర్ని తీసుకుపోయానని రేపు నీ మనుషులు అనకూడదు. నువ్వు తాగడం లేదు కదా? సరే. బస్తా ఎత్తు. మా తమ్ముడు చివరి రోజుల్లో చెంబు ఎత్తలేకపోయాడు. తాగుబోతుకి ఊపిరి ఉండదు, కాళ్ళలో సత్తువ ఉండదు. నువ్వు ఎప్పట్లా ఎత్తుకొచ్చి గడప దాటించు. నేను నోరు మూసుకుని వెళ్ళిపోతాను. మళ్ళీ ఆ ఊసు ఎత్తను."

"ఎత్తకపోతె?"

"ఎత్తకపోతే నా బస్తా నా కారులో ఉంటుంది. నా కూతురు దాని పక్క సీట్లో ఉంటుంది."

ఈరేష్ నీలం చీర కుర్చీ మీద పెట్టి చెప్పులు తొడుక్కున్నాడు.

"నాన్నా వద్దు!" సాహితి అడ్డం వచ్చింది. "డాక్టరు బరువులు ఎత్తొద్దంది. ముందు ఈసీజీ తీయించుకోమంది. అమ్మా, నువ్వయినా చెప్పు!"

 కుసుమ మొగుడి కళ్ళలోకి చూసింది. ఎత్తుతావా, అని అడిగింది ఆ చూపు. ఎత్తితే నమ్ముతాను, అని కూడా అంది. ఆ రెండోది అనకుండా ఉండాల్సిందని ఆమె తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

"జరుగు బిడ్డా," అన్నాడు ఈరేష్. "బియ్యమే గద. మీ తాత బియ్యం నా లోపల ఎన్ని బస్తాలున్నయో. ఇంకోటి పైన బెట్టుకుంట."

దిగి వెళ్ళాడు. యలమందయ్య వెనకాల దిగాడు. శివాజీ దిగాడు. సాహితి దిగింది. రంగవ్వ తోడు సంగతి మరిచి, అందరికంటే వేగంగా దిగింది.

కుసుమ ఒక్కతే గుమ్మంలో మిగిలింది. చేతిలో సంచీ ఉంది. కాసేపయ్యాక చూసుకుంటే సంచీ కింద ఉంది, చేతిలో నీళ్ళ చెంబు ఉంది. అలవాటు అలాంటిది. తనమీద తనకే ఒళ్ళు మండింది. అయినా చెంబు దించలేదు.

కింద డిక్కీ తలుపు పడిన చప్పుడు. తర్వాత ఈల.

అదే ఈల. ఏ పాటకీ చెందని, అతనే కట్టుకున్న వంకర ఈల. మొదటి మెట్ల వరసంతా హుషారుగా వచ్చింది. కుసుమ పెదవి తనకి తెలియకుండానే కొంచెం వదులైంది. తాగలేదు, అనుకుంది. దొంగ, నిజంగానే తాగలేదు.

మొదటి మలుపు దగ్గర ఈల ఒకసారి తెగి మళ్ళీ అతుక్కుంది. తర్వాత ఈల సన్నబడింది. మధ్యమధ్యలో గాలి మాత్రమే వచ్చింది.

ఆపైన ఈల లేదు.

చెప్పు మెట్టుకి రాసుకున్న చప్పుడు. బరువుగా ఏదో పడిన చప్పుడు. ఆ వెంటనే, ఎర్రటి ఎండలో, పైకప్పు మీద వాన మొదలైనట్టు చప్పుడు.

బియ్యం.

"బావా! ఈసారి కూడా పామేనా?" కిందనుంచి శివాజీ నవ్వు.

కుసుమ చెంబుతోనే పరిగెత్తింది. రెండో మలుపు దగ్గర బస్తా పగిలి, తెల్లటి బియ్యం మెట్టు మెట్టుకీ జారుతూ కిందికి పోతున్నాయి. గోడకి వీపు ఆనించి ఈరేష్ కూర్చున్నాడు. ఒక చెయ్యి మెట్ల పక్క కటాంజనం మీద. ఇంకో చెయ్యి దవడ కింద. మొహం గోడ సున్నం రంగులో ఉంది. చెమట ముక్కు చివరినుంచి బొట్టుబొట్టుగా చొక్కా మీద పడుతోంది.

"గ్యాస్," అన్నాడు. అది మాటలా లేదు, ఊపిరిలా ఉంది. "జేబుల... లవంగం..."

ఆమె జేబులో చెయ్యి పెట్టబోతూ ఆగింది. అతని తల పక్కనే గాలి కోసం వదిలిన సిమెంటు జాలీ. జాలీ కన్నాల్లో లవంగాలు. కొరికి, నమిలి, పీల్చి దోపినవి. ఎండిపోయి నల్లబడ్డవి, నిన్నటివి, మొన్నటివి, ఎప్పటివో. కన్నం తర్వాత కన్నం నిండి ఉంది. జాలీ కింద మడిచిన పాత పేపరొకటి, కూర్చుని కూర్చుని నలిగిపోయింది.

తాగినవాడు ఇంత పద్ధతిగా లవంగాలు దోపడు. తాగినవాడు రోజూ ఒకే మెట్టు దగ్గర ఆగడు.

"లేవయ్యా," అన్నాడు యలమందయ్య కింది మెట్టు మీదనుంచి. "చూశాం. బాగానే ఉంది. లే."

"డాక్టరు చెప్పింది!" సాహితి గొంతు చించుకుని అరిచింది. ఈసారి ఎవరూ ఆపలేదు. "ఎవరైనా వింటారా? తాగకపోయినా లివర్‌కి కొవ్వు పడుతుందంది. అది పట్టినవాళ్ళకి గుండెకి పోయే రక్తనాళాలు కూడా లోపల పూడుకుపోతుంటాయంది. చాలామందిని లివర్ కాదు, గుండె ముందు పడేస్తుందంది. అందుకే అడిగింది, మెట్లెక్కితే ఛాతీలో పట్టేస్తుందా అని. నాన్న ఏమన్నాడో తెలుసా? 'నేను మెట్లెక్కుతలేను మేడం, మెట్లే నన్నెక్కుతున్నయి' అన్నాడు. నేను కూడా నవ్వేశాను. ఆమె ఒక్కతే నవ్వలేదు!"

బియ్యం ఇంకా జారుతూనే ఉన్నాయి.

కుసుమ చెంబు కింద పెట్టి తండ్రి వైపు చెయ్యి చాపింది. "కారు తాళం."

"నీకు తెలీదమ్మా. ఒక నిమిషం ఆగు. ఒక కన్ను తెరుస్తాడు. నాకు తెలుసు వీడు. గట్టు మీద తెరిచినట్టే తెరుస్తాడు."

"తాళం ఇయ్యి నాయనా! ఇయ్యమంటున్న గదా!"

యలమందయ్య ఉలిక్కిపడ్డాడు. అది తన కూతురి మాట కాదు. అల్లుడి మాట, అల్లుడి ఊరి మాట, కూతురి నోట్లోంచి వచ్చింది. ఆయన మొహం కందగడ్డలా అయింది.

"ఇదిగో నీ తాళం! పో! మళ్ళీ నలుగురిలో నవ్వులపాలవ్వు!"

విసిరాడు. తాళం కుసుమ చేతికి తగిలి, గోడకి తగిలి, జారుతున్న బియ్యంలో పడింది. పడి లోపలికి పోయింది.

శివాజీ నవ్వు ఆగిపోయింది. మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులా బియ్యం కెలకడం మొదలుపెట్టాడు. సాహితి కెలికింది. రంగవ్వ గిన్నె పారేసి కెలికింది. ఎంత తోడితే అంత బియ్యం పైనుంచి జారి ఆ గుంట పూడ్చేస్తున్నాయి.

"గ్యాస్ అనకు," అంటోంది కుసుమ, మొగుడి చొక్కా గుండీలు తెంపుతూ. "ఇంకోసారి గ్యాస్ అన్నవంటె నేనే చంపుత. చూడు. నా దిక్కు చూడు."

ఈరేష్ ఆమె దిక్కే చూశాడు. పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. నవ్వబోతున్నాడో, కాదో. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. కటాంజనం మీది చెయ్యి జారి ఒళ్ళో పడింది.

యలమందయ్య బియ్యం తొక్కుకుంటూ పైకి వచ్చాడు. రెక్క పట్టి లేపుదామనే వచ్చాడు. అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి తడిగా, చల్లగా, బరువుగా ఉంది. ఆ బరువు ఆయనకి తెలుసు. సారా కొట్టు అరుగు మీదనుంచి ఒకసారి మోసిన బరువే.

ఆయన అల్లుడి ముందు మెల్లగా కూర్చున్నాడు.

"ఈరేషూ," అన్నాడు. "కన్ను తెరువయ్యా. ఒక్క కన్నే. రోడ్డు దాకా మోస్తాను, తెరువు. ఈసారి నేను కూడా నవ్వుతాను."